ఉగాది వేళ పులికాట్: దుస్తులు మార్చుకున్న పక్షులు

జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో శ్రీహరికోట రోడ్డు మీద కారు ఆపుకోవడానికి చోటు దొరకదు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్న కాలేజీ కుర్రవాళ్లు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముకునేవాళ్లు కలిసి ఆ రోడ్డును తిరునాళ్ల వీధిగా మార్చేస్తారు. అదే రోడ్డు మీద ఉగాది వెళ్లాక ఒక ఆదివారం తెల్లవారుజామున నిలబడితే, షార్ రాకెట్ కేంద్రం వైపు పోయే ఒకటీ అరా వాహనం తప్ప మనిషి అలికిడి ఉండదు. పులికాట్‌లో చిత్రమైన పక్షులు కనిపించేది మాత్రం జనం లేని ఈ రెండో కాలంలోనేనని 2014 నుంచి నేను రాసుకుంటున్న నోటుపుస్తకాలు చెబుతున్నాయి.

ఈ సంగతిని నేను తెలివితో కనిపెట్టానని చెప్పుకోలేను. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేసేవాడికి జనవరి నుంచి మార్చి 31 దాకా ఊపిరి సలపదు కాబట్టి, లెక్కల ముగింపు హడావిడి అణిగాక వచ్చే ఆదివారమే నాకు చిక్కే తీరిక. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళితే సూర్యుడు పొడిచే వేళకు సరస్సు అంచున ఉండవచ్చు. తిరుచానూరు దగ్గర ఇసుక మేటగా పడివున్న స్వర్ణముఖి, శ్రీకాళహస్తిలో గుడి పక్కనా, తిరిగి నాయుడుపేట దగ్గరా ఎదురవుతుంది. ఏప్రిల్‌లో అది మూడు చోట్లా నదిలా కాక, నది పోయిన దారిలా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు నెల్లూరు నుంచి విడివడి మాతో కలిశాయి. కొండ కింద పుట్టి పెరిగిన మాకు ఒక్క రోజులో సముద్రతీరం వచ్చిందని అప్పట్లో ఆఫీసులో నవ్వుకున్నాము.

పాతవాళ్లు ప్రళయ కావేరి అని పిలిచే ఈ సరస్సు, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సులలో చిలికా తరువాత దేశంలో రెండవది. శ్రీహరికోట దీవి దీనికీ బంగాళాఖాతానికీ నడుమ పొడవాటి గట్టులా పడుకొని ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి వంటి నదులు తెచ్చిన నీటితో కార్తీకం నాటికి నిండుతుంది, ఫాల్గుణం వచ్చేసరికి తగ్గుముఖం పడుతుంది. ఉత్తర భాగంలో సముద్రపు ముఖద్వారాలు పూడుకుపోయి నీళ్లు మరీ త్వరగా ఇంకిపోతున్నాయని జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ల గోడు ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయవలసినంత పెద్దది. పక్షుల వైపు నుంచి చూస్తే, నీరు వెనక్కు జరిగినకొద్దీ బయటపడే చీలమండ లోతు బురద ఒక భోజనపు బంతి. నీటి అంచున బురదలో మేసే ఉల్లంకి పిట్టల్లో ఎన్నో రకాలు, దక్షిణాన ఎక్కడెక్కడో చలికాలం గడిపినవన్నీ, ఉత్తరానికి పోయే ముందు అక్కడ దిగి పురుగులూ నత్తలూ తిని ఒంట్లో కొవ్వు నింపుకుంటాయి. పాతిక, ముప్పై గ్రాముల బరువుండే లిటిల్ స్టింట్ కూడా ఉత్తర ధ్రువపు టండ్రా దాకా ఎగిరిపోవలసినదే గనుక, ఆ రోజుల్లో అది తల ఎత్తి మనవైపు చూడదు.

ఆసియా అంతటా నీటి పక్షులను లెక్కపెట్టే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి జనవరిలోనే జరుగుతోంది. చలికాలంలో పక్షులు కదలకుండా ఒకచోట నిలిచి ఉంటాయి కాబట్టి లెక్కకు అదే సరైన కాలం. నాకు అందులో అభ్యంతరం ఏమీ లేదు. అయితే లెక్కలూ పండుగలూ ఫోటోలూ అన్నీ జనవరిలోనే కుప్పపడడం వల్ల, మన వాళ్ల మనసులో పులికాట్ పక్షికి ఒకే రూపం స్థిరపడిపోయింది. ఆ రూపంలో ఫ్లెమింగో గులాబీ రంగులో ఉంటుంది, మిగతావన్నీ బూడిద రంగులో ఉంటాయి.

చైత్రంలో ఈ లెక్క తలకిందులవుతుంది. జతకట్టే కాలం దగ్గరపడడంతో ఉల్లంకులు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. చలికాలమంతా మట్టిరంగులో మసలిన పసిఫిక్ గోల్డెన్ ప్లవర్‌కు ముఖం నుంచి పొట్ట దాకా నల్లటి మచ్చలు మొదలై, కొద్ది రోజుల్లో అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వీపు మీద పసుపు పొడి చల్లినట్టు మెరుపు వస్తుంది. బ్లాక్‌-టెయిల్డ్ గాడ్‌విట్ మెడ తుప్పు రంగుకు మారుతుంది. పైగా అన్నీ ఒకే రోజున మారవు. పూర్తిగా మారినది, సగం మారినది, ఇంకా మొదలుపెట్టనిది ఒకే గుంపులో పక్కపక్కన నిలబడతాయి, పెళ్లివారింట్లో కొందరు పట్టుచీరల్లోనూ కొందరు ఇంకా స్నానానికి క్యూలోనూ ఉన్నట్టు. పుస్తకంలోని బొమ్మతో సరిపోలని పక్షి ప్రతి అడుగునా తగులుతుంది, సరిపోలనిదల్లా అరుదైనదేమోనన్న ఆశ కలుగుతుంది. ఈ ఆశ వల్ల నేను ఒకసారి బాగా దెబ్బ తిన్నాను.

అది 2019 ఏప్రిల్ 7, ఉగాది మరునాడు. అటకానితిప్ప దాటాక రోడ్డుకు ఉత్తరంగా, నీటి అంచున, మిగతా ఉల్లంకుల నడుమ ఇటుక ఎరుపు పొట్టతో నాలుగు పక్షులు కనిపించాయి. ఎర్ర పొట్ట ఉల్లంకి అనగానే నాకు తట్టింది రెడ్ నాట్. మన తీరంలో అది దొరకడం గొప్ప సంగతి. గుండె దడదడలాడుతుండగా నాలుగు ఫోటోలు తీసి, రోడ్డు మీద నిలబడే మా తిరుపతి పక్షి మిత్రుల వాట్సాప్ గుంపులో పెట్టాను. పది నిమిషాల్లో పదిహేను అభినందనలు వచ్చాయి. పదహారవ సందేశం మా గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే ఒక లెక్చరరు గారిది: "ముక్కు చూడండి సార్."

చూశాను. ముక్కు పొడవుగా ఉండి, కొస వైపు కిందికి వంగి ఉంది. రెడ్ నాట్ ముక్కు పొట్టిగా, సూటిగా ఉంటుంది. పక్షి కూడా బొద్దుగా, కాస్త పెద్దగా ఉంటుంది. నేను చూసినవి కర్ల్యూ శాండ్‌పైపర్లు, చలికాలమంతా నేను వందల కొద్దీ చూసి, నోటుపుస్తకంలో అంకె మాత్రం వేసి వదిలేసే పక్షులు, సైబీరియా ప్రయాణానికి ఎర్ర దుస్తులు తొడుక్కొని నిలబడ్డాయి. రంగు చూసి మోసపోయి, పక్షిని గుర్తుపట్టడంలో మొట్టమొదట చూడవలసిన ముక్కునే నేను చూడలేదు. ఆ సందేశాన్ని గుంపులోంచి తీసేద్దామనుకున్నాను గానీ, అప్పటికే పదిహేను మంది అభినందించారు కాబట్టి తీసేస్తే మరింత సిగ్గుగా ఉంటుందని వదిలేశాను. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

ఈ కథకు తరువాత ఇంకొక మలుపు ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో ముప్పులో ఉన్న జీవుల ఎర్ర జాబితాను సవరించినప్పుడు, తీరప్రాంతపు వలస పక్షులు కొన్ని వేగంగా తగ్గిపోతున్నాయని తేల్చి, వాటి స్థాయిని ఆపద వైపు జరిపింది. వాటిలో కర్ల్యూ శాండ్‌పైపర్ ఉంది, మనకు బాగా పరిచయమైన గ్రే ప్లవర్ కూడా ఉంది. మామూలు పక్షేనని నేను నిట్టూర్చిన పక్షి ఐదేళ్లలో ముప్పు ఉన్న పక్షుల వరుసలో చేరింది. అప్పటి నుంచి వాటి ఎదుట అంకె వేయడంతో సరిపెట్టకుండా, వాటిలో ఎన్ని రంగు మారాయో కూడా రాస్తున్నాను.

వసంతపు దుస్తులు మనలను మోసం చేసినట్టే, ఒక్కొక్కసారి నిజం కూడా చెబుతాయి. మన బురద నేలల మీద గుంపులుగా పరుగెత్తే లెసర్ శాండ్ ప్లవర్‌ను 2023లో, చూసిన పక్షులను మేము నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు జాబితా రెండు జాతులుగా విడగొట్టింది. ఒకటి టిబెటన్ శాండ్ ప్లవర్, రెండవది సైబీరియన్ శాండ్ ప్లవర్. మన దగ్గరకు మామూలుగా వచ్చేది హిమాలయాలకు ఆవల గూడు కట్టే మొదటి రకం. చలికాలంలో రెండూ బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట, నల్ల కాళ్లతో కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి జనవరిలో వాటిని విడదీసి చెప్పడం నా వంటివాడి శక్తికి మించిన పని. చైత్రంలో రొమ్ము మీద ఇటుక రంగు పట్టీ వచ్చాక నుదురు చూడాలి. టిబెటన్ మగపక్షి నుదురు నల్లగా ఉంటుంది. సైబీరియన్ మగపక్షి నుదుటి మీద తెల్ల మచ్చ ఉండి, దానిని ఒక సన్నని నల్ల గీత నిలువుగా చీలుస్తుంది. అందువల్ల ఏప్రిల్‌లో నేను చేసే పని ఒక్కటే: రెండు మూడు వందల నుదుళ్లను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవడం. ఇంతవరకూ అన్నీ నల్లవే. ఈ పనిని మా ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దడంతో పోల్చింది, ఆవిడ టీచరు కాబట్టి ఆ విసుగు ఆవిడకు తెలుసు.

నుదురు చూడాలంటే ముందు ఎండను తట్టుకోవాలి. సూళ్లూరుపేట నుంచి దీవి వైపు వెళ్లే రోడ్డు తూర్పుగా సాగుతుంది గనుక పొద్దున్నే ఎండ సరిగ్గా ముఖానికి కొడుతుంది. రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే వెలుతురు పక్క నుంచి పడి రంగులు తేటగా ఉంటాయి. తూర్పు వైపున్న పక్షులు నల్లని నీడల్లా మిగిలిపోతాయి. ఎనిమిదిన్నర దాటాక ఉత్తరం వైపు కూడా పనికిరాదు. బురద వేడెక్కి ఆవిరి కదలడం మొదలవుతుంది, దూరపు పక్షులను దగ్గరగా చూపే స్కోపులో పక్షి కాళ్లు పాముల్లా మెలికలు తిరుగుతాయి, పొట్టి ముక్కు పొడవుగానూ పొడవాటిది వంకరగానూ కనిపిస్తుంది. ఎండమావిలో గుర్తుపట్టిన పక్షిని నేను నోటుపుస్తకంలోకి ఎక్కించను. అరుదైన పక్షుల కబుర్లలో సగానికి పైగా తొమ్మిది దాటాక చూసినవే అయి ఉంటాయని నా అనుమానం.

అన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఏ అనుమానమూ లేకుండా ఎక్కించిన గొప్ప పక్షి ఒకటుంది. 2022 ఏప్రిల్ 10, జిల్లా ఏర్పడిన ఆరు రోజులకు, శ్రీరామనవమి, ఆదివారం. రోడ్డుకు మూడు వందల గజాల దూరంలో, మోకాటి లోతు నీళ్లలో, నాలుగు వందల దాకా గ్రేటర్ ఫ్లెమింగోలు ఉన్నాయి. జనవరిలోనైతే వాటిని చూసి "రాజహంసలు!" అని కేకలు వేసి, ఫోటో తీసుకొని వెళ్లిపోతాము, నేను కూడా చాలా ఏళ్లు అలాగే చేశాను. ఆ రోజు స్కోపు బిగించి ఎడమ చివర నుంచి ఒక్కొక్క పక్షినీ చూస్తూ వచ్చాను. ఫ్లెమింగో తినే తీరు వింతగా ఉంటుంది. మెడను కిందికి వంచి తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో పిచికారీలా నీటిని లోపలికి లాగి, ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే జల్లెడ గుండా బయటికి తోస్తుంది. గ్రేటర్ ఫ్లెమింగో తలను బాగా లోతుకు ముంచి, కాళ్లతో బురదను కలియదొక్కి, రొయ్యపిల్లలనూ నత్తలనూ గింజలనూ ఏరుకుంటుంది.

కుడివైపు మూడో వంతు దగ్గర ఒక పక్షి తల మునగడం లేదు. నీటి పైపొరను తాకీ తాకనట్టు ఆనించి, కొడవలితో గడ్డి కోసినట్టు ముక్కును ఇటూ అటూ ఊపుతోంది. అప్పుడు ఎత్తు చూశాను. పక్కవాటి వీపు దగ్గరకు దాని నెత్తి వస్తోంది. ఎత్తును మాత్రం నమ్మితే మళ్లీ రెడ్ నాట్ కథే అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను, గ్రేటర్‌లలో ఆడవి మగవాటికంటే బాగా పొట్టిగా ఉంటాయి, పిల్లలు మరీ పొట్టిగా ఉంటాయి. పిల్ల అయితే బూడిద, మట్టి రంగులు కలిసి ఉండాలి. ఇది గుంపులో అన్నిటికంటే ముదురు గులాబీ రంగులో ఉంది. ముక్కు కోసం పదకొండు నిమిషాలు ఆగాను. అది తల ఎత్తినప్పుడు ముందు ఇంకొక పక్షి అడ్డం వచ్చింది, రెండవసారి ఎత్తినప్పుడు నా కళ్లజోడు మీద ఆవిరి పట్టింది. మూడవసారి అది తల పూర్తిగా ఎత్తి, నీళ్లు కారుతున్న ముక్కును పక్కకు తిప్పి నిలబడింది. గ్రేటర్ ఫ్లెమింగో ముక్కు లేత గులాబీగా ఉండి కొస మాత్రం నల్లగా ఉంటుంది. దీని ముక్కు మొదలు నుంచి కొస దాకా ఎండిన రక్తం రంగులో, దాదాపు నల్లగా ఉంది. కన్ను చుట్టూ కూడా అదే ముదురు ఎరుపు.

లెసర్ ఫ్లెమింగో. గుజరాత్‌లోని ఉప్పు నేలల్లోనూ, ముంబయి పక్కనున్న థానే క్రీక్‌లోనూ వేల కొద్దీ కనిపించే ఈ పక్షి, పులికాట్‌లో గ్రేటర్‌ల గుంపుల నడుమ ఎప్పుడైనా ఒకటీ రెండూ కనిపిస్తుంది. ఉప్పు, క్షారం ఎక్కువైన నీటిలో పెరిగే సూక్ష్మమైన నాచు దీని ప్రధాన ఆహారం కాబట్టే నీటి పైపొరను మాత్రమే జల్లెడ పడుతుంది. నీరు తగ్గి ఉప్పు చిక్కబడే వేళ అది కనిపించడం యాదృచ్ఛికం కాకపోవచ్చని నాకు అనిపించింది, అయితే ఒక్క పక్షిని పట్టుకొని అంత పెద్ద మాట అనకూడదు. ఈబర్డ్‌లో నమోదు చేయబోతే, ఇది ఇక్కడ అరుదైనది, వివరాలు రాయండి అని అడిగింది. ముక్కు రంగు, ఎత్తు, తినే తీరు, చూసిన దూరం, వెలుతురు ఏ దిక్కు నుంచి పడుతోందో అన్నీ రాసి, మూడు ఫోటోలు జత చేశాను. వాట్సాప్ గుంపులో ఈసారి లెక్చరరు గారి సందేశం అన్నిటికంటే ముందు వచ్చింది: "ముక్కు చూశాను."

అంతటి తృప్తి మరుసటి ఏడాది దక్కలేదు. 2023 ఏప్రిల్ రెండో ఆదివారం, ముప్పై దాకా గాడ్‌విట్లు మేస్తున్న చోట ఒక పక్షి తినే తీరు తేడాగా ఉంది. గాడ్‌విట్ ముక్కును బురదలో దించి, కాస్త అటూ ఇటూ కదిపి, తీసి, అడుగు వేస్తుంది. ఇది మాత్రం కుట్టుమిషను సూదిలా నిటారుగా, చకచకా పొడుచుకుంటూ పోతోంది. ఏషియన్ డోవిచర్ అలా తింటుందని చదివాను. మంగోలియా, సైబీరియా ప్రాంతాల్లో గూడు కట్టి, ఎక్కువగా ఆగ్నేయాసియాలో చలికాలం గడిపే ఆ పక్షి మన తూర్పు తీరానికి రావడం బహు అరుదు. గాడ్‌విట్‌కు ముక్కు మొదలు గులాబీ రంగులో ఉంటుంది, డోవిచర్ ముక్కు అంతా నల్లగా ఉండి కొస కాస్త ఉబ్బుతుంది. నేను చూసిన ముక్కు మొదలంతా బురద. కొస ఎప్పుడూ నేలలోనే. ఎగిరితే రెక్క మీద తెల్ల పట్టీ ఉందో లేదో చూడవచ్చు, ఉంటే గాడ్‌విట్, లేకపోతే నా అదృష్టం. అరగంట తరువాత ఏదో గద్ద నీడ పడి గుంపంతా ఒక్కసారిగా లేచింది, ముప్పై జతల రెక్కల్లో ఆ ఒక్కటి ఏదో నాకు తెలియలేదు. ఈబర్డ్‌లో "గాడ్‌విట్ 30" అని వేశాను. నోటుపుస్తకంలో మాత్రం ఆ పేజీ మూల మడిచి ఉంది.

వసంతం చివర నేలపట్టుకు కూడా వెళ్లి వస్తుంటాను, అక్కడ నాకు అరుదైనది ఇంకా ఏదీ దొరకలేదు. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఆ చెరువులో, నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు పిల్లలను పెంచుకొని ఈ కాలానికి ఖాళీ చేస్తుంటాయి. రెట్టలతో సున్నం కొట్టినట్టున్న కొమ్మల మీద, ఎగరడానికి ఇంకా ధైర్యం చాలని ఒకటి రెండు గూడబాతు పిల్లలు మిగిలి ఉంటాయి. దారి పొడవునా బూరుగ, మోదుగ చెట్ల మీద మధ్య ఆసియాకు తిరిగిపోయే గులాబీ గోరింకలు పూదేనె కోసం పోట్లాడుకుంటుంటాయి. వాటి గోల విన్నాక ఇంకే పక్షి కూతా చెవికి ఎక్కదు.

తీరానికి పోకుండానే, వెళ్లిపోయే పక్షి మన గుమ్మం తొక్కడం కూడా ఈ కాలంలోనే జరుగుతుంది. 2024 మే మొదటి వారంలో, తిరుపతిలో మేముండే అపార్టుమెంటు మూడో అంతస్తు మెట్ల మీద ఒక పొన్నంగి పిట్ట పడి ఉందని వాచ్‌మన్ వచ్చి పిలిచాడు. చలికాలం దక్షిణాన, శ్రీలంకలో గడిపి, వేసవిలో ఉత్తరానికి రాత్రిపూట ఎగిరిపోయే పక్షి అది. దీపాలకు దారి తప్పి అద్దాలకు కొట్టుకుంటుంది. చిత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో దీనిని ఆరుమణి కురువి అంటారు, పొద్దునా సాయంత్రం ఆరింటికి కూస్తుందని. అరచేతిలో పెట్టుకుంటే గుప్పెడు కూడా లేదు. ఆకుపచ్చ వీపు, గంధం రంగు పొట్ట, కన్నును చీల్చుకుంటూ పోయే నల్లని పట్టీ, రెక్క మడతలో నీలపు మెరుపు, పొట్టి తోక కింద కుంకుమ ఎరుపు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, పిట్ట అంతా ఒకే సన్నని వణుకుగా అనిపించింది. చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున పాత తువ్వాలు పరిచి, మూత వేసి చీకటి గదిలో ఉంచాము. అందరూ నీళ్లు పట్టండని సలహా ఇచ్చారు. దెబ్బ తిన్న పిట్ట నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోవచ్చు కాబట్టి పట్టనివ్వలేదు. సాయంత్రం పెట్టె లోపల నుంచి గీరుతున్న చప్పుడు వచ్చాక, కొండ అడుగున చెట్లు గుబురుగా ఉన్న చోటికి తీసుకుపోయి మూత తీశాను. అది రెండు గెంతులు గెంతి, ఎండుటాకుల్లో ఆగి, ఒక ఆకును ముక్కుతో తిప్పి చూసి, పొద కిందికి పోయింది.

ఇక్కడివాళ్లు చూసి, పుస్తకంలోకి ఎక్కని పక్షులు ఎన్ని ఉంటాయోనని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ తన పక్షుల రచనల్లో తెలుగు పేర్లను కూడా రాసిపెట్టాడు. మన పిట్టల తెలుగు పేర్లు ఎన్నో ఈనాటికి మిగలడానికి అది ఒక కారణం. ఆయన పేరుతోనే ప్రపంచానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే నిర్ణయానికి వచ్చాక, 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. దానిని మొదట పట్టింది రెడ్డిపల్లె దగ్గరి ఐతన్న అనే స్థానికుడు. పక్షి ఎక్కడికీ పోలేదు, అడగవలసినవాళ్లను అడగవలసిన ప్రశ్న అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

సరైన ప్రశ్న అడగడం నాకూ ఆలస్యంగానే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో రోడ్డు వారన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

"ఏంది సార్, పండగైపోయి మూడు నెలలాయె. ఇప్పుడొచ్చినారే?"

వెళ్లిపోయే పక్షులను చూడడానికి వచ్చానని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "లైలా తుఫానప్పుడు మా పడవలో ఒకటొచ్చి కూర్చునింది సార్. పైనంతా నలుపు, కింద సున్నం కొట్టినట్టు తెలుపు. పట్టుకున్నా ఎగరలా. చేప ముక్కలేస్తే తినలా. గాలి తగ్గినాక మూడోనాడు దానంతట అదే పోయింది."

లైలా తుఫాను 2010 మే నెలలో బాపట్ల దగ్గర తీరం దాటింది. నడిసముద్రంలో బతికే సూటీ టెర్న్, బ్రైడిల్డ్ టెర్న్ వంటి పక్షులు తుఫాను గాలికి అలిసిపోయి తీరానికీ, ఒక్కోసారి ఇంకా లోపలికీ కొట్టుకువస్తాయి. ఈ రెండింటినీ విడదీసేది మళ్లీ నుదురే. సూటీకి నుదుటి తెలుపు కంటి దగ్గర ఆగిపోతుంది, బ్రైడిల్డ్‌కు అది సన్నని కనుబొమ్మలా కంటిని దాటి వెనక్కు పోతుంది.

"నుదురు ఎట్లా ఉండింది పెద్దాయనా?" అని అడిగాను.

"నుదురా? పదైదేండ్ల నాటి పిట్ట నుదురు యాడ గుర్తుంటాది సార్!"

ఈసారి అలాంటిది వస్తే ఫోటో తీసి పంపమని, తల బాగా కనపడాలని, నంబరు రాసిచ్చి వచ్చాను. మే నెలలో రెండు రోజులు గాలీవానా పట్టిన తరువాత, రాత్రి పదకొండు గంటలకు ఫోనులో ఒక ఫోటో వచ్చింది. ఫ్లాష్ వెలుగులో చేపల బుట్ట, బుట్టలో ఒక పక్షి. వీపు నలుపు, పొట్ట తెలుపు, తోక చీలి ఉంది, అది కదలకుండా ఆయన మనవడు జాగ్రత్తగా పట్టుకొని ఉన్నాడు. ఆ కుర్రవాడి బొటనవేలు సరిగ్గా పక్షి నుదుటి మీద ఉంది. వెంటనే ఫోన్ చేశాను. అప్పుడే వదిలేశామని, చీకట్లో సముద్రం వైపు పోయిందని పెద్దాయన చెప్పాడు. నోటుపుస్తకంలో ఆ తేదీ ఎదుట ఇలా రాసుకున్నాను: "సూటీ లేదా బ్రైడిల్డ్. నుదుటి మీద బొటనవేలు."